సింటెక్సిస్ : కాలిన మ్రానులందలి కీటకము

కట్టెను దొలుచు కీటకమనగానే మనకు మొదట తుమ్మెద జ్ఞప్తికి వచ్చును. వెదురును, ఇంటి దూలమును దొలిచి గూడు చేసికొను తుమ్మెదను చూడనివారరుదు. సింటెక్సిస్ అట్టిది కాదు. ఇది కందిరీగకు దూరపు జ్ఞాతి. కందిరీగకుండు సన్నని నడుము దీనికి లేదు, కుట్టదు. తల్లి మ్రానులో గ్రుడ్లు పెట్టును. కట్టెను దొలిచి తినునది పిల్లపురుగు.

1915లో అమెరికా కీటకశాస్త్రజ్ఞుడగు ఎస్. ఏ. రోవర్ దీనిని క్రొత్త ప్రజాతిగా వర్ణించెను. ఆ దేశపు పడమటి కొండలలో పెరుగు ఇన్సెన్స్ సెడార్ వృక్షమునకు నాడు లిబోసెడ్రస్ అని శాస్త్రనామము. దానినిబట్టి కీటకమునకు లిబోసెడ్రీ అను పేరు గలిగెను. (అమెరికాలో పెన్సిళ్లకు వాడుకపడిన కఱ్ఱ యిదియే.) పిమ్మట చెట్టు పేరు కాలోసెడ్రస్‌గా మారినది, పురుగు మాత్రము పాతపేరునే మోయుచున్నది. రోవర్ దీనిని గడ్డికాడలను దొలుచు కీటకముల సరసన నుంచెను. ఆ సరస నిలువలేదు.

1925లో రష్యా పండితుడగు మార్తినోవ్, నేటి కజకస్థానమందలి కరతౌ కొండల శిలలలో దొరకిన కీటకముల ముద్రలనుబట్టి అనాక్సియెలిడే అను కుటుంబమును స్థాపించెను. ఆ శిలలు సుమారు 16 కోట్ల యేండ్లనాటివి. కాలిఫోర్నియా పురుగు ఆ వంశపుదేయని తేలుటకు మఱికొన్ని దశాబ్దములు పట్టెను. చైనా, స్పెయిన్ దేశములందును ఈ కుటుంబపు శిలాజములు దొరకినవి. ఒకప్పుడింత విస్తరించిన వంశమున నేడు జీవించియున్నట్లు తెలిసినది ఈ యొక్క జాతియే. కాలిఫోర్నియా మొదలు బ్రిటిష్ కొలంబియా వఱకు అక్కడక్కడ కానవచ్చును.

దీని జీవితచరిత్రను 1967లో విక్మన్ ప్రకటించెను. అందలి వింత యేమనగా, తల్లి యీగ కార్చిచ్చున కమలిన చెట్టునే వెదకికొని, పలుమార్లు మొదలు ఇంకను వేడిగా నుండగనే, గ్రుడ్లు పెట్టును. బ్రదికిన చెట్టు తన జిగురుతో పురుగును త్రోసిపుచ్చగలదు. కాలినదానికి ఆ శక్తి లేదు. పొగ చల్లారకముందే వచ్చినదానికి పోటీదారులును తక్కువ. దీని నరుదందుమేగాని, కాలుచున్న యడవికి వల పట్టుకొని పోవువారెందరు? ఆ యరుదుదనములో కొంతపాలు మనదే యని నా తలంపు.

అసలు చిక్కు వేఱొకటి. 1910నాటి మహాగ్ని పిదప అమెరికా అటవీశాఖ ప్రతి మంటను నార్పబూనెను. 1935లో, నేడు కనిపించిన మంట మఱునాటి ఉదయము 10 గంటలలోగా అదుపులోనికి రావలెనని నియమము చేసిరి. కాలిన మ్రానుపై నాధారపడిన వంశమునకు ఇంతకంటె గొడ్డుకాలమేమున్నది? 1978లో ఆ నియమమును విడిచిరి. ఇప్పుడు అదునెఱిగి అటవీశాఖవారే కొన్ని తావుల చిన్నమంటలు పెట్టుచున్నారు.