పీటర్లూ: ఓటు అడిగితే కత్తి దూశారు

1819 ఆగస్టు 16. మాంచెస్టర్ చుట్టుపక్కల నేతపనివాళ్ల ఊళ్ల నుంచి జనం పొద్దున్నే కాలినడకన బయల్దేరారు. పండగకి వేసుకునే మంచి బట్టలు, ముందు మేళతాళాలు, చేతుల్లో జెండాలు. ఆడవాళ్లు కొందరు తెల్లని దుస్తుల్లో బారులు తీరి వచ్చారు. సెయింట్ పీటర్స్ మైదానంలో దాదాపు 60 వేలమంది పోగయ్యారు. వాళ్లు అడగదలచింది ఒక్కటే: పార్లమెంటులో మా మాటకూ చోటివ్వండి.

మిల్లులతో కిటకిటలాడే మాంచెస్టర్‌కి అప్పట్లో సొంత ఎంపీ లేడు. సాల్స్‌బరీ దగ్గర ఓల్డ్ సేరమ్ అనే పాడుబడ్డ దిబ్బకి మాత్రం ఇద్దరుండేవారు! భూస్వాములు నిండిన ఆ పార్లమెంటే 1815లో విదేశీ ధాన్యాన్ని అడ్డుకునే చట్టం చేసింది. రొట్టె ప్రియమైంది, మగ్గం కూలి పడిపోయింది. ఆకలికీ ఓటుకీ ఉన్న లంకె ఆ జనానికి ఒకరు చెప్పక్కర్లేదు.

సంస్కరణలు కోరే వక్త హెన్రీ హంట్ ప్రసంగం మొదలైందో లేదో, అతణ్ని పట్టుకోమని మేజిస్ట్రేట్లు ఆదేశించారు. స్థానిక వ్యాపారులతో కూడిన గుర్రపు దళం కత్తులు దూసి జనం మీద పడింది, వెనకే సైన్యం దిగింది. పదిహేనుమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఈ ఊచకోతకే పీటర్లూ అని పేరు. మైదానానికి దూసుకెళ్తున్న గుర్రం ఢీకొట్టి, తల్లి చేతుల్లోని రెండేళ్ల విలియం ఫిల్డెస్ నేలపడి ప్రాణం విడిచాడు. జాన్ లీస్ అనే ఓల్డ్‌హామ్ కుర్రాడు వాటర్లూలో నెపోలియన్ సేనతో పోరాడి బతికొచ్చినవాడు. నాలుగేళ్లకి సొంతదేశపు కత్తిదెబ్బలు తిని, మూడు వారాలు నరకం చూసి పోయాడు.

చంపినవాళ్లకి ప్రభుత్వం కృతజ్ఞతలు చెప్పింది, హంట్‌ని రెండున్నరేళ్లు జైల్లో పెట్టింది. బ్రిటన్ ప్రజల చరిత్రలో మలుపంటే 1832 సంస్కరణ చట్టమనే రాస్తారు. నేనొప్పుకోను. ఆ చట్టంతో మాంచెస్టర్‌కి ఇద్దరు ఎంపీలు వచ్చారు గానీ, మైదానంలో దెబ్బలు తిన్న నేతగాడికి ఓటు రాలేదు. ఓటు కోసం ఆ పోరాటాన్ని తర్వాత, మగవాళ్లందరికీ ఓటు కోరిన చార్టిస్టులు అందుకున్నారు. 1842లో 30 లక్షలకి పైగా సంతకాలతో అర్జీ పెడితే పార్లమెంటు తోసిపుచ్చింది. వయసొచ్చిన మగవాళ్లందరికీ ఓటు 1918లో గానీ రాలేదు, ఆడవాళ్లకి వాళ్లతో సమానంగా 1928లో వచ్చింది.

సెయింట్ పీటర్స్ మైదానం ఉన్న చోట చాన్నాళ్లు ఒక నీలిరంగు ఫలకం ఉండేది. సైన్యం జనాన్ని చెదరగొట్టిందని ఉంది తప్ప, ఎవరైనా చనిపోయారన్న ముక్క అందులో లేదు. జనం పట్టుబట్టాక, 2007లో దాన్ని తీసేసి, చావుల సంగతి చెప్పే ఎర్రఫలకం పెట్టారు.