రాజ్యాంగ గ్రంథానికి దస్తూరి

భారత రాజ్యాంగ శిల్పి ఎవరని అడిగితే డాక్టర్ అంబేద్కర్ పేరును బడిపిల్లలు సైతం చెప్పగలరు. ఆ రాజ్యాంగ మూలప్రతిని చేతితో వ్రాసినదెవరు, దాని పుటలను అలంకరించినదెవరు అంటే విద్యావంతులు కూడ తడబడతారు. నేడు గ్రాఫిక్ డిజైన్ అని వ్యవహరించే కళకు స్వతంత్ర భారతంలో ఇంతకంటె గంభీరమైన నిదర్శనం అరుదు. మంచి పనికీ మంచి పేరుకూ గల సంబంధం ఆ గ్రంథచరిత్రలో విశదమవుతుంది.

1949 నవంబరు 26న రాజ్యాంగ పరిషత్తు 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు గల రాజ్యాంగాన్ని ఆమోదించినది. ప్రభుత్వ శాసనాలను అచ్చు వేయించడమే పరిపాటి. అయినను ఈ మూలప్రతి చేతివ్రాతలోనే వెలువడాలని పెద్దలు సంకల్పించారు. ఆంగ్లప్రతిని వ్రాసే భారం ఢిల్లీవాసి ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదాపై పడినది.

రాయ్‌జాదా 1901లో జన్మించారు. చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోగా, పారసీ, ఆంగ్ల భాషలలో పండితుడైన తాత రాంప్రసాద్ సక్సేనా ఆయనను పెంచి, చేయి పట్టుకొని అక్షరాలు దిద్దించారు. సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివిన తరువాత కూడ ఆ సాధన ఆగలేదు. నెహ్రూ నుండి కబురు వచ్చేనాటికి ఆయన వెనుక అనేక సంవత్సరాల కృషి ఉన్నది.

పారితోషికం ఎంత కావాలని నెహ్రూ అడుగగా, ఒక్క కాసు కూడ వద్దని ఆయన బదులిచ్చినట్లు కుటుంబీకులు చెబుతారు. ప్రతి పుటపై తన పేరును, చివరి పుటపై తాతగారి పేరును వ్రాసుకొనేందుకు అనుమతి మాత్రమే కోరారట. గ్రంథాంతంలో తమ పేరు వ్రాసుకొన్న మన తాళపత్ర లేఖకులకు ఈ కోరిక అపరిచితం కాదు. కాన్‌స్టిట్యూషన్ హాలులోని ఒక గదిలో కూర్చుండి, పాళీతో, సిరాతో, వాలుగా సాగే ఇటాలిక్ అక్షరాలలో ఆయన సుమారు 6 మాసాలు శ్రమించారు. ఒక్క పదం జారినా పుట అంతా చెడిపోయే పని అది.

పుటల అలంకరణను శాంతినికేతనంలోని కళాభవన్ ఆచార్యుడు నందలాల్ బోస్ చేపట్టారు. రాజ్యాంగంలోని 22 భాగాలకు మొహెంజొదారో వృషభం మొదలు గాంధీజీ దండియాత్ర వరకు మన చరిత్రయే చిత్రమాలిక అయినది. అంతటి ఆచార్యుడై ఉండియు ఆయన పనినంతటినీ తన చేతిలోనే ఉంచుకొనక శిష్యులకు పంచి ఇచ్చారు. ప్రవేశిక పుటను తీర్చినది బ్యోహార్ రామమనోహర్ సిన్హా. సింహముద్రను చిత్రించిన యువకుడు దీనానాథ్ భార్గవను, సింహాల తీరును కళ్లారా పరిశీలించి రమ్మని గురువు కలకత్తా జంతుప్రదర్శనశాలకు పంపారు. హిందీ ప్రతిని వసంత్ కృష్ణ వైద్య లిఖించారు. దెహరాదూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ముద్రణాలయం ఈ గ్రంథాన్ని ఫోటోలితో పద్ధతిలో ముద్రించినది.

1950 జనవరి 24న 284 మంది సభ్యులు మూలప్రతిపై సంతకాలు చేశారు. వారిలో మన దుర్గాబాయమ్మ ఒకరు. 1951 నుండి రాజ్యాంగానికి ఎన్నో సవరణలు జరిగాయి. న్యాయస్థానాలలో, కార్యాలయాలలో తిరగవేసేది అచ్చుప్రతులనే. చేవ్రాత ప్రతిని పార్లమెంటు గ్రంథాలయంలో, గాలి సోకకుండ వాయువు నింపిన పేటికలో భద్రపరిచారు.

పేరును కోరుట దోషమని మన పెద్దలు కొందరంటారు. రాయ్‌జాదా కోరినది పేరునే. కాని పని ముగిసిన పిమ్మట వచ్చే బహుమానంగా గాక, పనికి పూచీగా దానిని పుటపుటకూ నిలిపారు. ఏ పుటలో తప్పు దొర్లినా చెడేది ఆ పేరే. చివరి పుటలో అయితే, అక్షరం నేర్పిన తాతగారి పేరు కూడ. 1966లో ఆయన కన్నుమూశారు. సభలలో ఆయన పేరు వినిపించడం అరుదు. చూడదలచినవారికి అది ఆయన కోరిన చోటనే, తీర్చిన అక్షరాల చెంతనే ఉన్నది.