శ్రేఢీ గణితమున సాధారణపదము : పావులూరి మల్లన మొదలు మన బడి వరకు

తెలుగున గణితశాస్త్రమును పద్యములలో చెప్పిన తొలికవిగా పావులూరి మల్లన ప్రసిద్ధుడు. ఆయన క్రీ.శ. 11వ శతాబ్దివాడు. ఆయన రచించిన సారసంగ్రహ గణితమునకు మూలము మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహము. మహావీరుడు 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున వెలసిన జైన గణితవేత్త. ఆ మూలగ్రంథమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున వెలువరించిరి. కన్నడదేశపు శాస్త్రము తెలుగు పద్యమగుట, మద్రాసున అచ్చగుట గమనింపదగిన విషయము. సరిహద్దులు విద్యకు అడ్డు కాలేదు.

మన పూర్వులు శ్రేఢిలోని మొదటి పదమును ఆది యనియు, పదపదమునకు హెచ్చు మొత్తమును చయమనియు, పదముల సంఖ్యను గచ్ఛ యనియు వ్యవహరించిరి. గచ్ఛలో ఒకటి తీసివేసి, చయముచే గుణించి, ఆదిని కూడినచో కడపటి పదము లభించును. ఆది 5, చయము 3 అయినచో 20వ పదము 19 × 3 + 5 = 62. గచ్ఛ యెంతయైనను సూత్రమొక్కటియే. నేటి పుస్తకములలో సాధారణపదమనబడునది ఇదియే.

చదరంగపు గడుల లెక్క గుణశ్రేఢికి చక్కని ఉదాహరణము. మొదటి గడిలో ఒక గింజ, పిదప ప్రతిగడిలో అంతకు రెట్టింపు. 64వ గడిలోనే 9223372036854775808 గింజలగును. అన్ని గడులలోని మొత్తము 18446744073709551615. ఈ ఇరువది అంకెల సంఖ్యను భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలుకొని కుడినుండి ఎడమకు కూర్చిన తెలుగు పద్యము మల్లనదిగా ప్రసిద్ధము. వేదములనిన 4, అగ్నులనిన 3 అని తెలిసిన బాలునకు కావ్యమును, గణితమును ఒక్కమారే పట్టుబడును.

అయితే నాలుగైదు పదములు చూచినంతనే సాధారణపదము తెలిసినదనుకొనరాదు. నేను నల్లబల్లపై 1, 2, 4, 8, 16 అని వ్రాసి తరువాతి సంఖ్య యడిగినప్పుడు పిల్లలందరును 32 అందురు. అంతట ఒక వృత్తము గీసి, దాని అంచున బిందువులుంచి, ప్రతి రెంటిని సరళరేఖతో కలుపుమందును. ఏ మూడు రేఖలును లోపల ఒకేచోట కలియకుండ గీసినచో, ఒకటి మొదలు ఐదు బిందువులవరకు వచ్చు భాగములు సరిగా 1, 2, 4, 8, 16. ఆరు బిందువులకు మాత్రము 31. పిల్లలు మరల మరల లెక్కింతురు. ముప్పదిరెండవ భాగము దొరకదు. చదరంగపు కథ నియమమును ముందే చెప్పినది. వృత్తపు నియమము వేరు. నియమమెరుగక పదములను మాత్రమే నమ్మినవాడు మోసపోవును.

ఈ పాఠము మాకు గణితమునకే పరిమితము కాదు. తమిళనాట 2006 నాటి చట్టముచే బడులలో తమిళము తప్పనిసరి పాఠ్యభాషయైనది. మా బడి తెలుగు హాజరుపట్టీలో ఏటేటా పేర్లు తగ్గుచున్నవి. ఒక తండ్రి ఆ అంకెలను వ్రేళ్లపై లెక్కించి, "అయ్యవారూ, ఇంక కొన్నేండ్లకు సున్నయే గదా! మా వానిని చేర్చి ఏమి లాభము?" అనెను. చయము ఋణమైన మాట నిజమే. కాని, "ఈ శ్రేఢికి నియమమును ఎవరును ముందుగా వ్రాసిపెట్టలేదు. వచ్చు ఏటి పదము మీ నిర్ణయముపై నున్నది" అని నేను బదులు చెప్పితిని.

మరునాడు ఆయన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. పట్టీలో ఒక పేరు చేరినది.