యెషయా చుట్ట, యిర్మీయా తునకలు

మృత సముద్రపు ఒడ్డున కుమ్రాన్ గుహలో 1947 ప్రాంతంలో బెదూయిన్ కాపరులకు తోలు చుట్టలు దొరికిన కథ అందరికీ తెలిసిందే. నన్ను ఆకర్షించేది ఆ తరువాతి కథ. సంపూర్ణమైన హీబ్రూ బైబిలు ప్రతుల్లో నేటికీ అతి ప్రాచీనమైనది క్రీ.శ. 1008 నాటిది. యెషయా చుట్ట అంతకన్నా వెయ్యేళ్ళకు పైగా పాతది, 7 మీటర్లు దాటిన పొడవు. రెంటికీ తేడాలు చాలానే ఉన్నా, ఎక్కువభాగం అక్షరక్రమానివే.

ఇక్కడితో ఆగి లేఖకుల నిష్ఠను మెచ్చుకునేవారే ఎక్కువ. కానీ అక్కడే నాలుగో గుహలో దొరికిన యిర్మీయా తునకల్లో కొన్ని సంప్రదాయ హీబ్రూ పాఠాన్ని, ఒకటి దానికన్నా దాదాపు ఎనిమిదో వంతు తక్కువున్న గ్రీకు అనువాదాన్ని పోలి ఉన్నాయి. అనువాదకుడు కుదించాడన్న పాత అపవాదు అలా వీగిపోయింది. అతని ముందున్న మూలమే చిన్నది. రెండు పాఠాలనూ ఒకేచోట దాచినవారికి ఏది అసలైనదన్న తగవే లేదేమో!