ఒక మాటకు నాలుగు లిపులు

చిన్నప్పుడు 'క' భాష మాట్లాడని ఆడపిల్ల ఉండదు. ప్రతి అక్షరం ముందూ ఒక 'క' తగిలించి 'కనుకవ్వు కరా' అంటే ఎదురింటి మగపిల్లలకి ఒక్క ముక్క అర్థం కాదని మన ధీమా. వాళ్ళకి మనకంటే ముందే అర్థమయ్యేదనుకోండి, అది వేరే సంగతి. మనిషికి ఉన్న భాష చాలదు, ఇంకోటి పుట్టించాలనే సరదా పుట్టుకతోనే వస్తుందేమో!

ఈ సరదాని పెద్దయ్యాక కూడా వదలనివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. జామెన్‌హాఫ్ అనే పోలండు కంటి డాక్టరు 1887లో ఎస్పెరాంటో అని ఒక భాషే తయారుచేసి పుస్తకం అచ్చు వేయించాడు. దేశాలన్నీ ఒక్క మాట మీదికి వస్తే కొట్లాటలుండవని ఆయన ఆశ. అంత దూరం ఎందుకు, 2015లో వచ్చిన 'బాహుబలి' సినిమాలో కాలకేయుడు మాట్లాడిన కిలికి భాషని మదన్ కార్కి అనే తమిళ రచయిత కూర్చి పెట్టాడు. మాటలు, వాటికి వ్యాకరణం, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. దాన్ని సరదాగా నేర్చుకున్న పిల్లలూ ఉన్నారు. మంచిదే, ఎవరి ముచ్చట వాళ్ళది.

కానీ మంచిర్యాలలో కాపురం ఉన్న నాకు ఈ ముచ్చట విన్నప్పుడల్లా ఒక ప్రశ్న తగులుతుంది. లేని భాషకి ఇంత సంబరం చేసేవాళ్ళం, మా ఊరికి నాలుగు గంటల ప్రయాణం లోపల తరతరాలుగా ఉన్న భాషకి ఏం చేశాం? నేను చెప్పేది గోండీ సంగతి.

2011 జనాభా లెక్కల్లో గోండీ మా మాతృభాష అని చెప్పినవాళ్ళు దాదాపు 30 లక్షలు. తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఇన్ని రాష్ట్రాల్లో పరుచుకున్న భాష. అయినా చాలామంది దాన్ని 'అడవి మాట' అని తేలిగ్గా తీసేస్తారు. నిజానికి అది మన తెలుగుకి అప్పచెల్లెలు. ఈ చుట్టరికాన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు ఒంగోలులో పుట్టిన మహా పండితుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. తెలుగు, తమిళ కన్నడాలకంటే గోండీ, కొండ, కుయి, కువి భాషలకే దగ్గరదని ఆయన తేల్చారు. అంటే మనం పట్నం చుట్టాలనుకునే తమిళ కన్నడాలు వరసకి కాస్త దూరం, కొండ మీది వాళ్ళే తోబుట్టువులన్నమాట.

పోలిక చూడండి. గోండులు లెక్కపెట్టేటప్పుడు ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్ అంటారు. 'ఉండి' ఒక్కటీ కొత్తగా వినిపిస్తుంది గానీ, తక్కినవి మన ఇంటివే. నీళ్ళని 'ఏర్' అంటారు, మనకి ఏరు ఉండనే ఉంది. మన 'చెవి' వాళ్ళకి 'కెవి', మన 'చెయ్యి' వాళ్ళకి 'కయ్'. పూర్వం మనకీ ఈ మాటల్లో 'క' శబ్దమే ఉండేది. కాలక్రమంలో మన నోట అది 'చ' అయింది. వాళ్ళు పాత నగని కరిగించకుండా అలాగే దాచుకున్నారు. పుట్టింటి ఇత్తడి బిందెని చెల్లెలు తోమి వాడుకుంటూ ఉంటే, అక్క తనది మార్చి స్టీలు బిందె కొనుక్కున్నట్టుంది ఈ కథ.

మరి అంత పాత భాష చరిత్రకి ఎందుకు అందలేదు? అక్కడే ఇంగ్లీషువాళ్ళ రాజకీయం వచ్చింది. జార్జి గ్రియర్సన్ అనే దొర మన దేశపు భాషలన్నిటినీ సర్వే చేయించాడు. ప్రతి భాషలోకీ ఒకే కథని, బైబిలులోని తప్పిపోయిన కొడుకు కథని, చెప్పించి రాసుకోవడం ఆయన పద్ధతి. కథ ఒక్కటే అయితే భాషల మధ్య తేడాలు సులువుగా తెలుస్తాయి కదా! ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. అయితే ఆ సర్వే మద్రాసు రాజధానినీ, మైసూరునీ, నిజాం రాజ్యాన్నీ వదిలేసింది. ప్రాణహితకి అవతలి ఒడ్డు బ్రిటిషు వాళ్ళ సెంట్రల్ ప్రావిన్సెస్, ఇవతలి ఒడ్డు నిజాముది. అవతల కోడలిగా వెళ్ళిన పిల్ల మాట సర్వేలోకి వచ్చింది, ఇవతల ఉన్న తల్లి మాట రాలేదు. నదికి రెండు ఒడ్డులుంటాయి గాని, భాషకి కూడా ఉంటాయని రాజులే చెప్పాలి.

తమాషా ఏమిటంటే, ఆ బ్రిటిషు రాజకీయమే ఇంకోసారి ఇవతలి ఒడ్డుకి మేలు చేసింది. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1909లో వియన్నాలో పుట్టాడు. 1938లో హిట్లరు ఆస్ట్రియాని జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో పాపం ఈయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు మిగిలింది. 1939లో ఆయన మన దేశంలో ఉండగా యుద్ధం మొదలైంది. భార్య బెట్టీ ఇంగ్లండు ఆడబిడ్డ, అయినా భర్త ఇంగ్లీషు సర్కారుకి శత్రుదేశస్తుడు! ఇటూ అటూ తిరగకుండా హైదరాబాదు రాజ్యంలోనే ఉండాలని ఆంక్ష పెట్టారు. ఆయన ఊరికే కూచోలేదు. ముందు నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి, ఆపైన ఆదిలాబాదు గోండుల దగ్గరికి వెళ్ళాడు.

అప్పటికి గోండుల గుండెలు మండి ఉన్నాయి. అడవి మీద, భూమి మీద హక్కు అడిగిన కుమ్రం భీంని 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాతే సర్కారుకి వీళ్ళ గోడు ఏమిటో తెలుసుకోవాలని తోచింది. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆ రోజుల్లో కరెంటు లేని, రోడ్డు లేని గూడెంలో ఒక దొరసాని సంసారం ఎలా ఈదిందో ఊహించుకోండి.

1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళకి శిక్షణ మొదలైంది. పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని గోండీ వాచకాలు రాయించారు. కాని ఏ లిపిలో రాయాలి? ఆ చుట్టుపక్కల చదువు వచ్చిన కొద్దిమందికీ మరాఠీయే తెలుసు. అందుకని దేవనాగరి ఎంచుకున్నారు. ఆ రోజుల్లో ఆదిలాబాదులో పనిచేసిన సేతుమాధవరావు పగడి అనే అధికారి కూడా గోండీ, కొలామీ భాషల మీద పుస్తకాలు రాశాడు. తొలిసారి గోండు పిల్లవాడు బళ్ళో అమ్మ మాటని అచ్చులో చూశాడు.

ఇక్కడ మన తెలుగువాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో దర్బారుకీ, పెద్ద చదువుకీ ఉర్దూయే. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలోనే. 1928లో మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదులో ఆడపిల్లలకి తెలుగు బడి పెడితే, పరీక్షల కోసం ఎక్కడో ఉన్న కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. సొంత ఊళ్ళో సొంత భాషలో పరీక్ష రాయలేకపోవడం అంటే ఏమిటో మన అమ్మమ్మలకి బాగా తెలుసు.

అత్తా ఒకింటి కోడలే అన్నారు. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. మనకి పండగే. ఆదిలాబాదులోని రాజురా తాలూకా వంటి మరాఠీ ప్రాంతాలు అవతలికి వెళ్ళాయి, మిగిలింది ఇటు ఉంది. గోండులు మాత్రం రెండు పక్కలా మిగిలారు. ఒక పక్క బళ్ళో మరాఠీ, ఒక పక్క తెలుగు. గోండీ వాచకాలు మూల పడ్డాయి. కోడలి కష్టం పడిన తెలుగు, అత్త పీట ఎక్కగానే తన తోబుట్టువు ఆకలి మరిచిపోయింది. తర్వాత గోండీ రాసినవాళ్ళు కొందరు తెలుగు లిపిలో రాశారు. అలా దేవనాగరి ఒకటి, తెలుగు రెండు.

మూడోది పుట్టించిన లిపి. మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో గోండీకోసమే అక్షరాలు కూర్చాడు. ఉస్మానియా పుట్టిన ఏడే ఇదీ పుట్టింది చూశారా! నిజాం ఖజానా దన్నుతో ఒక భాష గద్దె ఎక్కింది. ఒక మామూలు మనిషి ఒంటరిగా ఇంకో భాషకి పీట వేశాడు.

నాలుగోది అసలు ఆశ్చర్యం. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలంలో గుంజాల అనే ఊరుంది. 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారూ వారి తోటివాళ్ళూ అక్కడ పాత రాతప్రతులు చూశారు. తెలుగు కాదు, నాగరి కాదు, మసారాం గారి లిపీ కాదు. ఊళ్ళో కొద్దిమంది పెద్దవాళ్ళకే చదవడం వచ్చు. ఆ ప్రతులు 1750 ప్రాంతానివని అంచనా. అంటే 'వీళ్ళకి లిపి లేదు' అని మనం పుస్తకాల్లో రాసుకుంటున్న రోజుల్లో ఆ ప్రతులు వాళ్ళ ఇళ్ళల్లో భద్రంగా ఉన్నాయి. ఇందులో అక్షరాల వరస కూడా మనలా క, ఖ, గ, ఘ కాదు. య, వ, బ, భ, మ అని మొదలవుతుంది. ఎవరినో చూసి దింపినవాళ్ళయితే వరస కూడా దింపి ఉండేవాళ్ళు కదా!

మసారాం లిపికి 2017లో, గుంజాల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే కంప్యూటరులోనూ ఫోనులోనూ వాటికి సొంత నెంబర్లు వచ్చాయి. ఉట్నూరు ఐ.టి.డి.ఎ. చొరవతో కొన్ని బళ్ళలో గుంజాల లిపి నేర్పే ప్రయత్నం కూడా జరిగింది. సంతోషమే. అయితే అక్షరానికి ఫోనులో ఇల్లు దొరికినంత మాత్రాన మాటకి బతుకు దొరుకుతుందా?

కిందటేడు మా మార్కెట్లో తిర్యాణి వైపు నుంచి సీతాఫలాలు తెచ్చిన ఒకామె, పక్కన కూతురుతో గోండీలో ఏదో అంది. ఆ పిల్ల తెలుగులోనే జవాబు చెప్పింది. 'బిడ్డకు మీ మాట రాదా?' అని అడిగాను. 'ఎందుకు రాదక్కా, ఇంటికాడ మంచిగనే మాట్లాడ్తది. నల్గుర్ల సిగ్గుపడ్తది' అంది తల్లి. రాని భాషని నేర్పొచ్చు. సిగ్గుపడే భాషని ఎలా నేర్పుతాం?

అది సాధ్యం కాదని నేననను. సంతాలీని చూడండి. రఘునాథ్ ముర్ము అనే ఆయన 1925లో ఓల్ చికి లిపి తయారుచేశాడు. దాన్ని జనం పట్టుకుని వదలలేదు. 2003లో సంతాలీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోకి ఎక్కింది. గోండీ మాత్రం ఇప్పటికీ ఆ గుమ్మం బయటే ఉంది. దానికి ఒక చిక్కు కూడా ఉంది. ఇన్ని రాష్ట్రాల గోండీకి ఉమ్మడి రూపం ఏది? ఏ లిపి? నాలుగు లిపులు ఉండడం ఐశ్వర్యమే గాని, బళ్ళో పలక మీద దిద్దడానికి ఒక్కటే కావాలి. అది వాళ్ళే తేల్చుకోవాలి, మనం కాదు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో పోయారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. భర్త 1995లో పోతే, తర్వాత ఆయన అస్థికలనీ తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. గోండులు ఏటా ఆ రోజున వాళ్ళని తలుచుకుంటారు. శత్రుదేశస్తుడని కట్టడి చేసిన మనిషిని చుట్టంగా దాచుకున్నారు వాళ్ళు. దొర గొప్పవాడని కాబోలు అనుకుంటాం. వాళ్ళ మాట నేర్చుకున్నాడు, అంతే.

మన ఇళ్ళల్లోంచి ఎందరో ఆడపిల్లలు టీచరమ్మలుగా, నర్సమ్మలుగా ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వైపు ఉద్యోగాలకి వెళుతున్నారు. 'అయ్యో, అడవిలో పోస్టింగా!' అని వాళ్ళకి పచ్చళ్ళ సీసాలు సర్దిపెడతాం. ఆ పెట్టెలోనే ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టండి. వెళ్ళిన మొదటి నెలలో పిల్లల్ని అడిగి వంద గోండీ మాటలు రాసుకోమనండి. ఏ లిపిలో రాసుకున్నా ఫరవాలేదు. టీచరమ్మ తమ మాట నేర్చుకుంటుంటే ఏ పిల్లకి సిగ్గుగా ఉంటుంది?