పాత లోగిలి, కొత్త వంటిల్లు

సామర్లకోట అనగానే కొందరికి కాకినాడ రైలు కోసం జంక్షన్లో పడిగాపులు పడటం గుర్తొస్తుంది. భక్తులకి భీమేశ్వరస్వామి గుర్తొస్తాడు. పంచారామాల్లో ఒకటైన ఆ గుడి చాళుక్య భీముడు కట్టించినది. వెయ్యేళ్ళ నాటిది. కింది అంతస్తులో మొదలైన శివలింగం పై అంతస్తు దాకా లేచి, అక్కడ అభిషేకం అందుకుంటుంది. పురావస్తు శాఖవారి రక్షణలో ఉంది కనుక అక్కడ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు మేకు కొట్టడానికి వీల్లేదు.

బాగానే ఉంది. స్వామికి గ్యాసు పొయ్యి అక్కర్లేదు. పరీక్షకి చదువుకునే పిల్లకి వేరే గది చూపించనక్కర్లేదు. మనకి అవన్నీ కావాలి కదా! గుడిని ఉన్నదున్నట్టు కాపాడితే పుణ్యం. ఇంటినీ అలాగే ఉంచుతామంటే, ఆ పుణ్యానికయ్యే ఖర్చు ఇల్లాలి నడుం మీద పడుతుంది.

ఈ ప్రాంతంలో పాత ఇల్లంటే మండువా లోగిలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారి, వరి పండి, చేతిలో డబ్బాడాక కలిగినవాళ్ళు లోగిళ్ళు లేపారు. గోదావరి మీద తెప్పలుగా దిగివచ్చిన మన్యం టేకూ, సముద్రం దాటి వచ్చిన బర్మా టేకూ స్తంభాలయ్యాయి, దూలాలయ్యాయి. నాలుగువైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలితే, నడిమధ్య ఆకాశం కనిపించే జాగా మండువా. వాన కురిస్తే చూరు కింద గంగాళాలు పెట్టి నీళ్ళు పట్టుకునేవారు. మిగిలింది తూములోంచి బయటికి పోయేది. ఎండాకాలం వేడిగాలి మండువాలోంచి పైకి పోతుంటే, గదుల్లోకి చల్లగాలి వచ్చేది. కరెంటు లేని రోజుల్లో అదే ఫాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ చల్లగాలి ఎవరికి తగిలేది? వీధరుగు మీద మగవాళ్ళకి, చావట్లో చుట్టాలకి. వంటిల్లు మాత్రం వెనకెక్కడో ఉండేది. చిన్న కిటికీ, పిడకల పొగ, మసిబారిన వాసాలు. నుయ్యి పెరట్లో, మరుగుదొడ్డి ఇంకా అవతల. చెక్కిన స్తంభాల ముందు నిలబడి ఫోటో తీయించుకునేవాళ్ళు ఒక్కసారి ఆ వంటింట్లోకీ తొంగిచూడాలి.

ఇంటి చరిత్రంటే స్తంభాలేనా? సామర్లకోటలో రైలెక్కితే గంటలో వచ్చే రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారి ఇల్లుంది. ఇప్పుడది స్మారక గృహం. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రామన్నారు. అప్పుడు గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి వడ్డించింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. అంత పెద్ద చరిత్రా ఆవిడ పొయ్యి మీద ఉడికింది! అందుకే పాతింటి మరమ్మత్తు వంటింటి నుంచి మొదలు కావాలంటాను.

వంటింటి గోడకి పెద్ద కిటికీ పెట్టించండి. నిలబడి వండుకునే గట్టు కట్టించండి. ధాన్యం లేక ఖాళీగా పడి ఉన్న గాదెగదిని స్నానాలగది చేసుకోవచ్చు. నీళ్ళు మాత్రం చెక్క స్తంభాల మొదట్లోకి చేరకుండా వాలు చూసుకోవాలి. తడి తగిలితే చెదలు చుట్టాల్లా దిగుతాయి. వైర్లు లాగటానికి దూలాలు తొలవనివ్వకండి, గోడ వెంట పోనివ్వండి.

మేస్త్రీ తప్పకుండా రెండు సలహాలిస్తాడు. మొదటిది, పెచ్చులూడిన పాత గోడకి సిమెంటు పూయించమని. వద్దు. గానుగ సున్నంతో కట్టిన గోడ నేల చెమ్మ పీల్చి గాలికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి, నాలుగేళ్ళకి పూత ఊడి పడుతుంది. సున్నం గోడకి సున్నమే వైద్యం. రెండోది, మండువా మీద శ్లాబు వేసేయమని. అదీ వద్దు. కోతుల భయమో, దొంగల భయమో ఉంటే ఇనప చట్రం వేయించుకోండి. ఆకాశాన్ని మూసేస్తే మిగిలేది మండువా కాదు, పట్టపగలు దీపం పెట్టుకోవలసిన చీకటి గది.

ఇంకొకటుంది. అన్నదమ్ములు పంచుకుని మండువా మధ్య గోడ కట్టుకున్న లోగిళ్ళు ఎన్నో. పూర్వం ఆ పంపకాల్లో ఆడపిల్లని అడిగిన నాథుడు లేడు. మన రాష్ట్రంలో 1985 నుంచి పెళ్ళికాని ఆడపిల్లలకీ, 2005 నుంచి దేశమంతటా ఆడపిల్లలందరికీ పిత్రార్జితంలో కొడుకులతో సమానమైన హక్కు చట్టంలోకి వచ్చింది. కాబట్టి ఇల్లు అమ్మాలా, కూల్చాలా, బాగుచేయాలా అన్న మాట చావడిలో తేలితే చాలదు. ఆ ఇంటి ఆడపడుచునీ కూర్చోబెట్టి అడగాలి. ఆ ఇంట్లో పొగ పీల్చినవాళ్ళకి ఏది ఉంచాలో, ఏది పడగొట్టాలో ఇంజనీరు కంటే బాగా తెలుసు. ఏమంటారు?