పితూరీ యను మాట



మన భాషలో "పితూరీ" యను పద మొకటి గలదు. ఇది అన్యదేశ్యము. ఒకరిమీద పెద్దలతో మొర చెప్పుకొనుటయు పితూరీయే. పాలకులపై తిరుగబడుటయు పితూరీయే. నేను బడిలో చరిత్రపాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "పంతులుగారూ, రెంటికిని ఒకే మాట యెట్లు వచ్చినదండీ?" అని యడిగెను. ఆనాడు నాకు సమాధానము తోచలేదు. గోదావరీ విశాఖ మన్యముల చరిత్రను చదువగా చదువగా తోచినది. దానినే నేడు మీకు విన్నవింతును.

1879వ సంవత్సరము మార్చి నెలలో రంపదేశమున పెద్ద పితూరీ లేచినది. కొండవారు తమ యింటి వాడుకకు చెట్టునుండి కల్లు గీచుకొనుట అనాదిగా వచ్చిన యలవాటు. దానిని ప్రభుత్వము నిషేధించి గుత్తకిచ్చెను. రంప మనసబుదారు "చిగురుపన్ను" పేర మరికొంత పిండెను. అంతకన్న లోతైన గాయ మింకొకటి గలదు. పల్లపునాటి వర్తకులు కొండలెక్కి, చదువెరుగని వారిచేత పత్రములు వ్రాయించుకొని, దూరమున నున్న న్యాయస్థానములలో దావాలు వేసిరి. ప్రతివాది రాలేదని ఏకపక్షముగా డిక్రీలు పుట్టెను. ఆ డిక్రీలతో పశువులను, ధాన్యమును జప్తుచేసి తోలుకొనిపోయిరి. కొండవానికి ఆ భాష రాదు, ఆ త్రోవ తెలియదు, అక్కడ తనకొక శత్రువు పుట్టినాడనియే తెలియదు. చెప్పుకొన నోరు లేని మొర, తుదకు విల్లెత్తినది. సైన్యములు వచ్చి దాని నణచినవి.

అణచినంతనే కారణము నశింపదు గదా! 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకొక చట్టమును చేసెను. కొండజాతివాని భూమి ఏజెంటుగారి యనుమతి లేక అన్యులకు చెల్లదు. వడ్డీ నూటికి ఏటికి ఇరువదినాలుగు మించరాదు, చక్రవడ్డీ కూడదు, మొత్తము వడ్డీ అసలును దాటరాదు. ఈ తుది నియమము మనకు క్రొత్తది కాదు. ఒక్కమారు వసూలు చేయు వృద్ధి, అసలుతో కూడి రెట్టింపునకు మించరాదని మనువే శాసించెను. కాని శాసనము పుస్తకమున నుండెను, సాహుకారు సంతలో నుండెను. అయిదేండ్లకే, 1922లో, అడవి నిర్బంధములును బాటల వెట్టిచాకిరియు భరింపలేక విశాఖ మన్యము అల్లూరి సీతారామరాజు వెంట నడచినది. 1924 మే 7వ తేదీన ఆయన కొయ్యూరుకడ హతుడయ్యెను. 1940లో నిజాము రాజ్యమున జోడెన్‌ఘాట్ కొండలపై కుమ్రం భీము భూమికొరకై ప్రాణము లర్పించెను. రాజ్యములు వేరు, మొర యొక్కటే.

స్వతంత్రభారతమున 1959లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము భూబదలాయింపు నిబంధనను చేసెను. 1963లో అది తెలంగాణ ఏజెన్సీలకును విస్తరించెను. అందును అధికారి యనుమతి యను సందు మిగిలియుండెను. 1970లో ఆ సందును మూసిరి. నాటినుండి షెడ్యూల్డు ప్రాంతమున నెవ్వరును గిరిజనేతరునకు భూమిని బదలాయింప వలనుపడదు. మరియు అచట గిరిజనేతరుని చేతనున్న భూమి, గిరిజనుని యొద్దనుండియే వచ్చినదని ముందుగా భావింపవలెను. కాదనువాడే ఋజువు చూపవలెను. శ్రోతలు ఈ యంశమును బాగుగా గమనింపగోరెదను. 1879లో ఋజువుల బరువంతయు పత్రములు లేని వానిపై నుండెను. 1970లో ఆ బరువు పత్రములు గల వానిపైకి మారెను. దుర్బలునకు హక్కు ఇచ్చుట యనగా నిదియే.

1997లో సమత యను సంస్థ వేసిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము మరియొక మెట్టెక్కెను. నిబంధనలోని "వ్యక్తి" యను మాటలో ప్రభుత్వమును చేరుననియు, కనుక ప్రభుత్వము సైతము షెడ్యూల్డు ప్రాంతపు భూములను గనులకై ప్రైవేటు కంపెనీలకు కౌలునకీయరాదనియు తీర్పు చెప్పెను. అనంతగిరి కొండలలోని పేద కుటుంబముల మొర ఢిల్లీలో వినబడెను, విల్లెత్త నక్కరలేకపోయెను.

అట్లని కథ ముగిసినదని చెప్పజాలను. పేరొకరిది, అనుభవ మొకరిదిగా బినామీలు పుట్టుచునే యున్నవి. చట్టము తనంతట నడచి కొండ యెక్కదు. దానిని కొండవాని భాషలో చెప్పువాడు, వానివెంట కచ్చేరీకి పోవువాడు, ఆలకించు నధికారి కావలెను.

ఆ బాలుడు నేడెక్కడనున్నాడో! ఎదురైనచో ఇట్లు చెప్పుదును: నాయనా, ఆ రెండర్థములును వేరుకావు. మొదటి పితూరీని విననివాడే రెండవ పితూరీని తెచ్చిపెట్టుకొనును.

సెలవు.